ఇంట్లో చేసుకున్న కోవిడ్ టెస్టు సంగతి డాక్టరుకి ఎట్లా చెప్పాలి

తమ్ముడూ, మీరు అడిగింది నాకు అర్థమైంది ఇట్లా. కాజీపేటలో ఉంటున్న అమ్మకి 58 ఏళ్ళు, షుగర్ ఉంది. ఇంట్లో కిట్టుతో టెస్టు చేస్తే టీ (టెస్టు) అక్షరం దగ్గర సన్నటి గీత వచ్చింది. బాపుకి దగ్గు ఉంది కానీ నెగెటివ్ వచ్చింది. మీరు హైదరాబాద్‌లో ఉండి ఆ రెండు ఫొటోలు మీ ఫ్యామిలీ డాక్టరు వాట్సాప్‌కి పంపారు, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. ఇంతకీ డాక్టరుకి చెప్పడం అవసరమా, మెడికల్ షాపులో గోళీలు తెచ్చి వేస్తే సరిపోదా అని అడుగుతున్నారు.

అవసరమే. ఈ రోజే చెప్పాలి, ఇద్దరి గురించీ చెప్పాలి, ఒకరిది ఇంకొకరితో కలపకుండా చెప్పాలి. నేను హన్మకొండలో ఒక ఫిజీషియన్ దగ్గర స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. క్లినిక్ ఫోన్ నా దగ్గరే ఉంటుంది, వచ్చిన మెసేజీలు ముందు నేను చదివి, ఓపీ మధ్యలో సార్‌కి చెప్తాను. అందుకే అవతలి వైపు ఏం జరుగుతుందో మీకు వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ నీలం టిక్కుల సంగతి. మీ నంబరు డాక్టరు ఫోన్‌లో సేవ్ అయి ఉండదు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరు నుంచి రెండు కిట్ల ఫొటో, కింద "సార్ చూడండి" అని ఒక ముక్క వస్తే, అది ఎవరిదో, ఎప్పుడు చేశారో, ఏ కిట్టు అమ్మది ఏది బాపుది అన్నది మాకు ఎట్లా తెలుస్తుంది? రెండూ ఒకేలా ఉంటాయి. హాలు నిండా పేషెంట్లు కూర్చున్నప్పుడు సార్ అది చూస్తారు, తర్వాత అడుగుదాం అనుకుంటారు, దాని మీద ఇంకో నలభై మెసేజీలు పడతాయి. మీ అమ్మని పట్టించుకోక కాదు. ఉత్త ఫొటో చూసి ఏ డాక్టరూ మందు చీటీ రాయలేడు, రాయకూడదు కూడా. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఫోన్ మీద, వీడియో మీద, వాట్సాప్‌లో రాతపూర్వకంగా వైద్య సలహా ఇవ్వొచ్చని స్పష్టంగా ఉంది. అయితే పేషెంటు ఎవరో డాక్టరుకి తెలియాలి, మందు రాసే ముందు వయసు తెలియాలి, స్వయంగా చూడాలి అనిపిస్తే రమ్మనే హక్కు డాక్టరుకి ఉంటుంది, ఫీజు కూడా తీసుకోవచ్చు. కాబట్టి ఫోన్‌లో అడగడానికి మొహమాటపడకండి, ఫీజు ఎంతో అడిగి కట్టేయండి.

ఇక ఆ సన్న గీత. చాలామంది "లైట్‌గా వచ్చింది కాబట్టి లైట్‌గా ఉన్నట్టు, లెక్క కాదు" అనుకుంటారు. అది తప్పు. సమయం లోపల టీ దగ్గర గీత కనిపిస్తే, ఎంత మసకగా ఉన్నా అది పాజిటివే. 2021 మే 19న ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ఇంటి టెస్టుకి అనుమతి ఇచ్చినప్పుడే ఈ మాట చెప్పింది: ఇంటి కిట్టులో పాజిటివ్ వస్తే పాజిటివ్ కిందే లెక్క, ఖరారు చేసుకోవడానికి మళ్ళీ టెస్టు అక్కర్లేదు. లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే మాత్రం ల్యాబులో చేసే ఆర్‌టీపీసీఆర్ టెస్టు చేయించుకోవాలి అని కూడా అందులోనే ఉంది. కానీ నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: ఆ గీత ఎన్ని నిమిషాలకి చూశారు? మన దగ్గర మొదట వచ్చిన కోవిసెల్ఫ్ కిట్టులో 15 నిమిషాలకి చూడాలి, 20 నిమిషాలు దాటాక కనిపించింది చెల్లదు. కిట్టు చేసి, పక్కన పెట్టి, వంట చేసుకుని గంట తర్వాత వచ్చి చూస్తే ఆరిపోయిన పట్టీ మీద బూడిద రంగు గీతలాంటిది ఒక్కోసారి పడుతుంది. దాన్ని చూసి ఇల్లంతా టెన్షన్ పడటం, లేకపోతే నిజమైన గీతని "ఆలస్యంగా చూశాం కదా" అని కొట్టిపారేయడం, రెండూ జరుగుతుంటాయి. ఒక్కో కంపెనీ కిట్టుకి నిమిషాలు వేరుగా ఉంటాయి, డబ్బాలో కాగితం మీద ఉంటుంది, చూడండి. సీ (కంట్రోల్, అంటే కిట్టు పనిచేసిందని చూపే గీత) దగ్గర గీతే రాకపోతే ఆ కిట్టు పనికిరాలేదని అర్థం, అది నెగెటివ్ కాదు.

ఫొటో ఎట్లా తీయాలో ఒకసారి చెప్తాను, చిన్న పనే కానీ మాకు సగం తిప్పలు తగ్గుతాయి. తెల్ల కాగితం ఒకటి తీసుకుని దాని మీద పెన్నుతో పేరు, వయసు, తేదీ, టెస్టు చేసిన టైము, చూసిన టైము పెద్ద అక్షరాలతో రాయండి. దాని మీద కిట్టు పెట్టండి. ఫ్లాష్ వేయకండి, ఫ్లాష్ వెలుగుకి సన్న గీత మాయమైపోతుంది. ట్యూబ్‌లైట్ కింద నిలబడి తీస్తే మీ చేతి నీడ సరిగ్గా కిట్టు మీద గీతలు కనిపించే చోటే పడుతుంది, కాబట్టి పగలైతే తలుపు దగ్గరికి తెచ్చి పైనుంచి నిటారుగా తీయండి. సీ, టీ అక్షరాలు రెండూ కనపడాలి. కిట్టు కవరు మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, దాన్ని కూడా ఒక ఫొటో తీసి ఉంచండి, గడువు దాటిన కిట్టుతో చేసిన వాళ్ళు కూడా ఉన్నారు. ఒక కాగితం మీద ఒక మనిషి కిట్టు మాత్రమే.

ఇంకో మాట. కిట్టుతో వచ్చే యాప్‌లో ఫొటో ఎక్కిస్తే "అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా, డాక్టరుకి తెలిసే ఉంటుంది" అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ యాప్‌లోది ఐసీఎంఆర్ టెస్టుల లెక్కల్లోకి పోవడానికి పెట్టింది. మీ ఫ్యామిలీ డాక్టరు ఫోన్‌కి దాని నుంచి ఏమీ రాదు. మీరు చెబితేనే ఆయనకి తెలుస్తుంది.

డాక్టరుకి గీత కంటే ఎక్కువ కావలసింది ఒకటి ఉంది, అదే జనం రాయరు: సుస్తీ ఏ రోజు మొదలైంది. టెస్టు చేసిన రోజు కాదు. గొంతు గరగర మొదట ఎప్పుడు అనిపించింది, ఒళ్ళు నొప్పులు ఎప్పుడు, జ్వరం ఎప్పుడు. దాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది. షుగర్, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి యాంటీవైరల్ మందు ఇవ్వాలని డాక్టరు అనుకుంటే, ఆ గోళీలు లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపే మొదలుపెట్టాలి. ఆరో రోజు, ఏడో రోజు వచ్చి "సార్, తగ్గుతుందేమో అని చూశాం" అంటే ఆ దారి మూసుకుపోయినట్టే. దమ్ము (ఆయాసం) ఎక్కువయ్యేది కూడా సాధారణంగా మొదటి రెండు రోజుల్లో కాదు, వారం దగ్గర పడుతున్నప్పుడు. ఏ రోజు ఏం ఎదురుచూడాలో సార్ లెక్క వేసుకునేది ఆ మొదటి రోజు నుంచే. అమ్మని అడిగితే "ఏం లేదు బిడ్డా, జెర సర్ది అంతే" అంటుంది. అందుకే రోజు గుర్తు చేసి అడగండి, ఆదివారం చర్చికో గుడికో పోయినప్పుడు బాగానే ఉన్నావా, ఆ రాత్రి అన్నం తిన్నావా అని.

ఆక్సిజన్ మీటరు గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే భయపడే మెసేజీలు ఎక్కువగా దీని వల్లే వస్తాయి. దాని మీద రెండు అంకెలు ఉంటాయి, ఒకటి ఆక్సిజన్ శాతం, ఇంకోటి పల్సు. వేలికి తొడిగాక అంకెలు తలకిందులుగా కనిపిస్తాయి, ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఒకదాన్ని ఇంకోటిగా చదువుతారు. "సార్, అమ్మకి 84 ఉంది" అని వస్తుంది, గుండె గుబేలుమంటుంది, వెంటనే ఫోన్ చేస్తే 84 పల్సు, ఆక్సిజన్ 97. దీనికి తలకిందులుగా, అసలు ఆక్సిజన్ 89 ఉంటే దాన్ని పల్సు అనుకుని ఊరుకున్నవాళ్ళు కూడా ఉంటారు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఎస్‌పీఓ2 అని రాసి ఉన్న పక్కన ఉన్నదే ఆక్సిజన్. చూసే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చగా చేయండి, గోరింటాకు గానీ గోళ్ళ రంగు గానీ లేని వేలికి పెట్టండి, అంకె నిలకడగా ఆగేదాకా నిమిషం ఆగండి. రెండు అంకెలూ టైముతో సహా రాయండి. 94, ఆ పైన ఉంటే మంచిదే. గంటలో మూడుసార్లు చూసినా 93 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తుంటే, నిమిషానికి 24 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంటే, ఛాతీలో నొప్పో బరువో పోకుండా ఉంటే, మనిషి మాట తికమకగా ఉంటే, లేపినా సరిగ్గా లేవకపోతే, అప్పుడు మెసేజ్ పెట్టి జవాబు కోసం కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి, వరంగల్ ఎంజీఎం దవాఖానకో మీకు దగ్గర్లో ఉన్న ఆక్సిజన్ బెడ్డు ఉన్న దవాఖానకో పోండి, డాక్టరుకి దారిలో చెప్పొచ్చు. జ్వరం 100 దాటి మూడు రోజులైనా తగ్గకపోతే ఫోన్ చేసి తీరాలి.

జ్వరం గురించి కూడా అంతే. "చెయ్యి పెడితే కాలుతోంది" కాకుండా థర్మామీటరు అంకె కావాలి, దాని పక్కన పారాసిటమాల్ చివరిసారి ఎప్పుడు వేశారో కావాలి. డోలో వేసిన గంటకి 99 ఉంటే దాన్ని బట్టి జ్వరం తగ్గిందో లేదో ఎవరూ చెప్పలేరు.

వాడుతున్న మందుల పేర్లు నోటితో చెప్పాలని ప్రయత్నించకండి. గోళీల షీట్లన్నీ మంచం మీద పరిచి, పేర్లు ఉన్న వైపు పైకి పెట్టి ఒక ఫొటో తీయండి. బీపీవి, షుగర్‌వి, రక్తం పలచబడటానికి వేసుకునేవి, థైరాయిడ్‌ది, అన్నీ. కొన్ని యాంటీవైరల్ మందులు కొలెస్ట్రాల్ గోళీలతో, రక్తం పలచబరిచే మందులతో కలవవు. పడని మందు ఏదైనా ఉంటే ముందే రాయండి. అమ్మకి షుగర్ ఉంది కాబట్టి ఈ రోజు చూసిన షుగర్ అంకె కూడా రాయండి, జ్వరంలో షుగర్ పెరుగుతుంది, తిండి తగ్గి అవే గోళీలు వేసుకుంటే పడిపోవడమూ ఉంటుంది.

ఇది కొంచెం ఇబ్బందిగా అనిపించినా చెప్పాల్సిందే: ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నా, మెడికల్ షాపులో కోవిడ్‌కి అని ఇచ్చిన గోళీల పొట్లం వేసుకున్నా, దాచకండి. పర్వతగిరి, నర్సంపేట, పరకాల వైపు నుంచి వచ్చేవాళ్ళు సార్ కోప్పడతారని ఆ ముచ్చట ఎత్తరు. ఆ పొట్లంలో స్టెరాయిడ్ ఉంటే, ఆక్సిజన్ బాగానే ఉన్న మనిషికి మొదటి రోజుల్లో అది మేలు చేయకపోగా కీడు చేస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళకి మరీ. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్ళలో షుగర్ ఉండి స్టెరాయిడ్ వాడినవాళ్ళే ఎక్కువ. మా సార్ అయితే ఇట్లాంటిది దాచకుండా చెప్పిన పేషెంటుని మెచ్చుకుంటారు, ఎందుకంటే తర్వాత రాసే ప్రతి మందూ దాన్ని బట్టే ఉంటుంది.

ఇప్పుడు బాపు సంగతి. నెగెటివ్ కదా అని ఆయన్ని వదిలేశారు, అదే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. అదే ఇంట్లో అమ్మకి పాజిటివ్, ఆయనకి దగ్గు. ఇంటి కిట్టు వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది, మొదటి ఒకటి రెండు రోజుల్లో తప్పిపోవడం చాలా మామూలు. ముక్కులో పుల్ల సరిగ్గా తిప్పకపోయినా అంతే, చాలామంది అంచున తాకించి తీసేస్తారు. రెండు ముక్కు రంధ్రాల్లోనూ కాగితంలో చెప్పినంత లోపలికి పెట్టి, చెప్పినన్ని సార్లు తిప్పాలి. అమెరికాలో మందులు, టెస్టు కిట్లకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2022లో చెప్పింది ఏమిటంటే, లక్షణాలు ఉన్నవాళ్ళకి నెగెటివ్ వస్తే 48 గంటల తర్వాత మళ్ళీ చేయాలి, లక్షణాలు లేనివాళ్ళకైతే 48 గంటల తేడాతో మొత్తం మూడుసార్లు. కాబట్టి బాపుని కూడా వేరే గదిలోనో మాస్కుతోనో ఉంచి, రెండో టెస్టు చేయండి లేకపోతే ఆర్‌టీపీసీఆర్‌కి ఇప్పించండి. డాక్టరుకి పెట్టే మెసేజ్‌లో "బాపుకి నెగెటివ్" అని ఆపేయకుండా "బాపుకి నిన్నటి నుంచి దగ్గు, మొదటి కిట్టు నెగెటివ్, మళ్ళీ చేస్తాం" అని రాయండి.

ఇంకొకటి, ఇది వానాకాలం అయితే మరీ ముఖ్యం. కోవిడ్ కిట్టు నెగెటివ్ అంటే ఆ జ్వరం ఏదీ కాదు అని కాదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మన వైపు డెంగీ, చికున్‌గున్యా, టైఫాయిడ్ అన్నీ కలిసే వస్తాయి, ములుగు, ఏటూరునాగారం వైపు పోయి వచ్చినవాళ్ళకి మలేరియా కూడా చూడాలి. డెంగీకి మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 అనే రక్త పరీక్ష చేస్తారు, ఆ తర్వాత ఐజీఎం అనే ఇంకో రక్త పరీక్ష. ఇక్కడ కూడా జ్వరం ఏ రోజు మొదలైందన్న లెక్కే. కళ్ళ వెనక నొప్పి, ఒంటి మీద దద్దుర్లు, చిగుళ్ళ నుంచి రక్తం, కడుపు నొప్పి, ఆగని వాంతులు, ఇట్లాంటివి ఉంటే తప్పక రాయండి. ఏ జ్వరమో తేలేదాకా పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్ లాంటి నొప్పి గోళీలు వేయకండి, డెంగీ అయితే రక్తస్రావానికి దారి తీస్తాయి. ఎక్కడికి పోయి వచ్చారో కూడా ఒక ముక్క: పెళ్ళి, చావు, మేడారం జాతర, బస్సులో దూర ప్రయాణం.

మెసేజ్ ఎట్లా ఉండాలో రాసి చూపిస్తే మీకు సులువు. ఇట్లా పెట్టండి:

"నమస్తే సార్. కాజీపేట నుంచి. పేషెంటు మా అమ్మ, పేరు ఫలానా, 58 ఏళ్ళు, షుగర్‌కి మీ దగ్గరే చూపించుకుంటుంది. సోమవారం రాత్రి గొంతు నొప్పి మొదలైంది, మంగళవారం నుంచి జ్వరం. బుధవారం పొద్దున 8 గంటలకి ఇంట్లో కిట్టుతో టెస్టు చేశాం, 15 నిమిషాలకి టీ దగ్గర సన్న గీత వచ్చింది, ఫొటో పెట్టాను. ఇప్పుడు 11 గంటలకి జ్వరం 100.8, డోలో వేసి ఐదు గంటలైంది. ఆక్సిజన్ 96, పల్సు 92. దమ్ము లేదు. అన్నం సగం తింటోంది, నీళ్ళు తాగుతోంది. పొద్దున షుగర్ 210. మందుల ఫొటో పెట్టాను. ఇంకే సూదీ గోళీలూ తీసుకోలేదు. ఇంట్లో బాపు, ఆయనకి 63, దగ్గు, ఆయన సంగతి వేరే మెసేజ్‌లో పెడుతున్నాను. అమ్మతో మాట్లాడాలంటే ఈ నంబరు."

ఇంతే. ఇది చదవడానికి సార్‌కి అర నిమిషం పట్టదు, జవాబు వెంటనే ఇవ్వగలరు. ఆడియో మెసేజీలు మూడు నిమిషాలవి పంపకండి, హాల్లో అందరి ముందు వినలేం, పేషెంటు విషయాలు పదిమంది చెవిన పడతాయి. ఇదే కారణానికి కిట్టు ఫొటో కుటుంబం గ్రూపులో, కాలనీ గ్రూపులో పెట్టకండి, చుట్టుపక్కలవాళ్ళు అమ్మని చూసే తీరే మారిపోతుంది.

ఆఖర్న ఇచ్చిన నంబరు అమ్మదే అయి ఉండాలి, లేదా ఆమె పక్కన ఉన్నవాళ్ళది. అమ్మ మెలకువగా, తెలివిగా ఉన్నప్పుడు ఆమె తరఫున మీరు మాట్లాడుతున్నారంటే ఆమె సరే అనాలి, ఆ టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో కూడా అట్లాగే ఉంది. దానికంటే ముఖ్యంగా, సార్ ఆమె గొంతు వినాలి. ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడిస్తే వాక్యం పూర్తి చేయగలుగుతోందా, మధ్యలో ఊపిరి కోసం ఆగుతోందా అన్నది అనుభవం ఉన్న డాక్టరుకి వినగానే తెలుస్తుంది. మీరు హైదరాబాద్ నుంచి ఎంత వివరంగా రాసినా అది రాదు. కాన్ఫరెన్స్ కాల్ పెట్టి ముగ్గురూ మాట్లాడండి.

సార్ స్వయంగా రమ్మంటే నేరుగా వచ్చి హాల్లో కూర్చోకండి. బయట నుంచి ఫోన్ చేయండి. మా దగ్గరైతే చివర్లో టైము ఇస్తాం, లేకపోతే పక్క గేటు నుంచి పిలుస్తాం. ఆ బెంచీల మీద కీమో తీసుకుంటున్నవాళ్ళు, నెలలు నిండిన ఆడపిల్లలు, డయాలసిస్ పేషెంట్లు కూర్చుంటారు. ముందే చెబితే వాళ్ళని మేం కాపాడుకోగలం. అట్లాగే ఇంట్లో ఎవరికైనా దగ్గర్లో కంటి ఆపరేషనో ఇంకేదైనా ఆపరేషనో ఉంటే, డయాలసిస్ ఉంటే, అక్కడ కూడా పాజిటివ్ సంగతి చెప్పాలి. ఎవరూ అందకపోతే ఆరోగ్య సలహాల నంబరు 104కి ఫోన్ చేయొచ్చు, మీ వాడలో ఆశ వర్కరుకి, ఏఎన్ఎంకి చెప్పొచ్చు. 2022 జనవరి ఫీవర్ సర్వేలో ఇంటింటికీ తిరిగి మందుల కిట్లు ఇచ్చింది వాళ్ళే.

పాజిటివ్ వచ్చాక రోజూ టెస్టు చేసి ఫొటో పంపడం మాత్రం వద్దు, డబ్బు దండగ. 2022 జనవరిలో కేంద్రం ఇచ్చిన నియమం ప్రకారం లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్ళు పాజిటివ్ వచ్చిన రోజు నుంచి 7 రోజులు గడిచి, వరుసగా మూడు రోజులు జ్వరం లేకపోతే విడిగా ఉండటం ఆపొచ్చు, మళ్ళీ టెస్టు అక్కర్లేదు. పంపాల్సింది జ్వరం, ఆక్సిజన్, షుగర్ అంకెలు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. వాడిన కిట్టు, పుల్ల, ట్యూబు అన్నీ కిట్టుతో ఇచ్చిన సంచిలో వేసి మూతి మూసి పారేయండి, చెత్తబండి వాళ్ళు ఉత్త చేతులతో ముట్టుకుంటారు.

ఈ రాత్రి అమ్మ మెసేజ్ పెట్టండి, గంటలో జవాబు రాకపోతే క్లినిక్ ల్యాండ్‌లైనుకి ఫోన్ చేసి "వాట్సాప్‌లో వివరాలు పెట్టాను, కోవిడ్ పాజిటివ్, షుగర్ పేషెంటు" అని చెప్పండి, ఆ మూడు మాటలు వింటే అక్కడున్నవాళ్ళు సార్‌కి అప్పుడే చూపిస్తారు. బాపుకి 48 గంటలయ్యాక రెండో టెస్టు చేసి, గీత వచ్చినా రాకపోయినా, ఆయన పేరుతో పెట్టిన మెసేజ్ కిందే రాయండి.